జూలో జంతువు బాగుందా లేదా ఎట్ల చూడాలి: ఒక బెంచీ, ఒక పెన్ను, ఇరవై నిమిషాలు

మాది తిరుపతి, మా ఇంటికి చుట్టాలొస్తే ప్రోగ్రాం ఎప్పుడూ ఒకటే, మొదటిరోజు కొండ, రెండోరోజు పొద్దున తిరుచానూరు, ఇంకా ట్రైనుకి టైం మిగిలితే జూ. ఆ మిగిలిన మూడు గంటల్లో మొత్తం చుట్టేయాలని చూస్తారు. ఇక్కడి ఎస్వీ జూ (శ్రీ వేంకటేశ్వర జూ) అంటే 5,532 ఎకరాలండీ, 1987లో పెట్టినారు, అందులో ఎక్కువ భాగం శేషాచలం అడవే అనుకోండి, అయినా కాళ్ళు లాగేంత నడక ఉంటుంది. గుండు మీద గంధం ఇంకా ఆరి ఉండదు, చేతిలో లడ్డు కవరు, ఒక్కో ఎన్‌క్లోజర్ దగ్గర అర నిమిషం, "పులి యాడుండాది? పడుకోనుండాదా? సరే పాండి పాండి". నేనూ చాలా ఏళ్ళు అట్లే చూసినాను కాబట్టి ఎవర్నీ అనడం లేదు.

ఇంకా చెప్పాలంటే నేను చేసింది ఇంకా ఘోరం. చిన్నప్పుడు వేరే ఊర్లో ఒక జూలో ఎలుగ్గొడ్డు ఒకటి కటకటాల దగ్గర నిలబడి తల అటూ ఇటూ అటూ ఇటూ ఊపుతా ఉంటే, డాన్స్ చేస్తాందిరోయ్ అని పిల్లలమంతా చప్పట్లు కొట్టి చెనక్కాయలు విసిరినాం, మా నాయన నన్ను భుజం మీద ఎక్కించుకొని మరీ చూపించినాడు. అది డాన్స్ కాదని నాకు తెలిసేసరికి పాతికేళ్ళు పట్టింది. దాన్ని స్టీరియోటిపీ అంటారు, అంటే చేసిందే చేయడం, ఒకే రకంగా, ఏ పనీ లేకుండా, ఏ ఫలితం రాకుండా. పులి, చిరుత అయితే ఒకే దారిలో తిరుగుతాయి, ఎలుగు, ఏనుగు ఊగుతాయి, చిలకలు సొంత ఈకలు పీక్కుంటాయి, కోతులు వెంట్రుకలు పీక్కుంటాయి.

సో ఈసారి జూకి పోయినప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను, పెద్ద చదువేం అక్కర్లేదు. ముందు అన్నీ చూడాలన్న ఆశ వదిలేయండి. రెండు జంతువులు, గట్టిగా అయితే మూడు, అంతే. పొద్దున గేటు తీసిన కాసేపటికే పోండి, తిరుపతి ఎండకి పదకొండు దాటితే మీరూ నీడలోకి పోతారు అవీ పోతాయి. నీళ్ళ బాటిల్, చిన్న నోట్‌బుక్కు, పెన్ను, ఫోన్‌లో టైమర్. పిల్లలు ఉంటే వాళ్ళకీ ఒక పుస్తకం ఇవ్వండి, లేకపోతే ఐదు నిమిషాలకే ఐస్‌క్రీం గోల మొదలవుతుంది.

ఒక ఎన్‌క్లోజర్ ఎదురుగా నీడలో కూర్చోండి. టైమర్ నిమిషానికి ఒకసారి మోగేట్టు పెట్టుకోండి. మోగిన ఆ క్షణంలో జంతువు ఏం చేస్తాందో ఒక్క మాట రాయండి: నిద్ర, నడక, వాసన చూడ్డం, తినడం, నీళ్ళు, గోక్కోవడం, కనపడలేదు. మధ్యలో ఎంత మంచి సీన్ జరిగినా దాన్ని పక్కన వేరేగా రాసుకోండి, లెక్కలో కలపొద్దు. ఎందుకంటే మన కన్ను గర్జించిన సింహాన్ని గుర్తుపెట్టుకుంటుంది, పద్దెనిమిది నిమిషాలు ఊరికే పడుకున్న సింహాన్ని మర్చిపోతుంది. ఈ రకం లెక్కల పద్ధతులన్నీ జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ 1974లో ఒక పేపర్‌లో సర్ది పెట్టింది, ఆవిడ ఆఫ్రికాలో బబూన్ కోతుల్ని చూసిన మనిషి, ఇప్పటికీ అడవిలో అయినా జూలో అయినా జంతువుల్ని చూసేవాళ్ళు అదే పద్ధతి వాడతారు.

నా పుస్తకంలోంచి ఒక పేజీ చూపిస్తా. ఒక పెళ్ళికని వేరే ఊరికి పోయి రెండు రోజులు ఉన్నాం, అక్కడి జూలో ఆడపులి, సాయంత్రం నాలుగున్నర. ఇరవై నిమిషాల్లో పదకొండు సార్లు నడక, మూడు సార్లు నిలబడి ఉంది, నాలుగు సార్లు పడుకోనుంది, ఒకసారి నీళ్ళు, ఒకసారి కనపడలేదు. ఆ నడక కూడా ఎట్లుండాదంటే నీళ్ళ తొట్టి దగ్గర్నించి ఇనుప తలుపు దాకా, తలుపు దగ్గర ప్రతిసారీ ఎడమవైపే తల తిప్పి, పోయిన అడుగుల్లోనే మళ్ళీ అడుగులు, ఆ గీత మీద గడ్డి కూడా లేదు, మన పొలం గట్టు మీద కాలిబాట పడినట్టు నున్నగా ఉంది. నాకు కడుపులో తిప్పినట్టయింది, ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టినా, పోస్ట్ చేసేద్దామనే. అంతలో కీపర్ బకెట్ తీసుకొని వస్తా కనిపించినాడు.

"అన్నా, ఇది ఎప్పుడూ ఇట్లే తిరుగుతాదా?"

"లేదు మేడం, కూడు టైం కదా. ఆ తలుపు వెనకే మాంసం పెట్టేది. పొద్దున రాండి, ఇట్లుండదు."

నమ్మబుద్ధి కాలేదు నాకు, డ్యూటీ మనిషి అట్లే చెప్తాడు కదా అనుకున్నా. మర్నాడు ముహూర్తం అయిపోగానే పట్టుచీరలోనే పోయి అదే బెంచీ మీద కూర్చున్నా. ఇరవైలో మూడే నడక, అది కూడా వేరే వేరే దారుల్లో, ఒకచోట చెట్టు మొదలు వాసన చూసి దానిమీద వాసన గుర్తుకి మూత్రం పిచికారీ కొట్టి వచ్చింది, మిగతాదంతా రాయి మీద పడుకొని చెవులు తిప్పుకుంటా ఉంది. బంతిలో ఆకేసి అన్నం రాకపోతే మనం వంటింటి గుమ్మం వైపు చూడమా, ఆ సాయంత్రం అది చేసింది కొంతవరకు అదే. అయితే పూర్తిగా ఏం సమస్యలేదని కూడా కాదు, గీత పడేంత తిరిగిందంటే రోజూ తిరుగుతాందనే కదా అర్థం, కూడు టైం మార్చి మార్చి పెడితే, ఒకేచోట కాకుండా నాలుగు చోట్ల దాచి పెడితే అది తగ్గుతుంది. కాకపోతే "పులికి పిచ్చెక్కింది" అని నేను పెట్టబోయిన క్యాప్షన్ అబద్ధం అయ్యేది.

అందుకే తిరగడం కనిపించగానే ఇవి చూడండి. దారి మారుతుందా లేక అచ్చం అదేనా? మధ్యలో ఆగి వాసన చూస్తాందా, చెట్టు గీకుతాందా? అట్లయితే అది తన ఇలాకా చూసుకుంటోంది, అది మామూలే. మీరు పిలిచినా, కాకి అరిచినా, పక్క ఎన్‌క్లోజర్‌లో చప్పుడైనా తల తిప్పుతాందా లేక ఏదీ పట్టనట్టు తిరుగుతాందా (పిలవమన్నాను కదా అని కేకలు వేయొద్దు, ఎవడో ఒకడు ఎట్లాగూ వేస్తాడు, మీరు చూస్తే చాలు). టైం ఎంత? కొన్ని జూల్లో పెద్ద పిల్లులకి వారంలో ఒకరోజు మాంసం పెట్టరు, మన శనివారం ఒక్కపొద్దు మాదిరి, ఆరోజు పోతే వేరేగా ఉండొచ్చు.

ఇంక దీనికి రివర్స్‌లో ఒక తప్పు చేస్తాం. సింహం పడుకోనుంటే "పాపం మత్తు ఇచ్చినట్టున్నారు" అంటారు. సింహం అడవిలో కూడా రోజులో పదహారు గంటలు, కొన్నిసార్లు ఇరవై గంటలు కూడా పడుకునే ఉంటుంది సామీ. దానికి ఆఫీసు లేదు కదా.

ఎవరికి ఎక్కువ కష్టం అనే దానిమీద మంచి పరిశోధన ఒకటుంది. 2003లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాసినారు, మాంసం తినే జంతువుల్లో అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే జాతి అయితే బోనులో అంత ఎక్కువగా గీత మీద తిరుగుతుంది, పిల్లలు చనిపోవడం కూడా ఎక్కువ. అన్నిటికంటే అన్యాయం ధ్రువపు ఎలుగుది, దానికి జూలో ఇచ్చే జాగా అడవిలో అది తిరిగే కనీస జాగాలో సుమారు పది లక్షలో ఒక వంతు. మన లెక్కకి వద్దాం. మన దేశం రూల్స్ ప్రకారం ఒక పులి జతకి బయట తిరగడానికి కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దగ్గర దగ్గర ఇరవైఐదు సెంట్లు, మదనపల్లి పక్కన మీ మామ కొన్న ప్లాట్లు ఐదారు కలిపితే అంత. మంచి అడవిలో ఒక్క ఆడపులి తన సొంతమనుకునే జాగా ఇరవై చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, మన జూ మొత్తం 5,532 ఎకరాలు ఇరవైరెండు చదరపు కిలోమీటర్లు. అంటే మీరు బ్యాటరీ బండిలో తిరిగి అలిసిపోయిన జూ, దాని వెనకున్న అడవి అంతా కలిపితే ఒక ఆడపులి ఇల్లు.

అట్లని సెంట్ల లెక్క ఒకటే చూడొద్దు. ఖాళీ మైదానం ఎకరం కంటే చెట్టు, గుంత, బండ, నీళ్ళు, దాక్కునే పొద ఉన్న అర ఎకరమే మేలు. నేను ముందు చూసేది దాక్కునే చోటే. స్విట్జర్లాండ్‌లో హైనీ హెడిగర్ అని ఒకాయన ఉండేవాడు, బెర్న్, బాసెల్, జ్యూరిక్ జూలకి డైరెక్టర్‌గా చేసినాడు, ఆయన చెప్పిందేమంటే ప్రతి జంతువుకీ ఒక దూరం ఉంటుంది, మనిషి ఆ దూరం దాటి దగ్గరికి వస్తే అది పారిపోవాలి, పారిపోవడానికి చోటు లేకపోతే అది లోపల్లోపల నలిగిపోతుంది. కాబట్టి ఎన్‌క్లోజర్ చూడగానే అడగండి: నాలుగు పక్కలా జనం ఉన్నారా? ఒక పక్కైనా జనానికి వీపు తిప్పి కూర్చునే వీలుందా? జంతువు కనపడలేదని టికెట్ డబ్బులు దండగ అనుకోవద్దు, కనపడకుండా పోగలిగిందంటేనే ఆ ఎన్‌క్లోజర్ కట్టినవాడికి బుర్ర ఉందని.

తర్వాత ఒళ్ళు. మన ఊర్లో ఆవుని చూసి మేత చాలడం లేదని ఎట్ల చెప్తారో అట్లే, తుంటి ఎముకలు పొడుచుకొస్తున్నాయా, పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉన్నాయా, జింకల గిట్టలు పెరిగి వంకరపోయినాయా, బొచ్చు ఒకేచోట ఊడిపోయిందా. బాగా లావుగా ఉండడం కూడా జబ్బే, చుట్టాలు "బాగా బలిసింది చూడు" అని మెచ్చుకుంటారు గానీ. లోపలి టెన్షన్ మాత్రం కంటికి కనపడదు, దానికి పెంటలో స్ట్రెస్ హార్మోన్లు కొలుస్తారు, జంతువుని పట్టకుండా, సూది వేయకుండా. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళకి, అంతరించిపోయే జంతువుల కోసం ల్యాకోన్స్ అని ఒక ల్యాబ్ ఉంది, అక్కడ ఈ పని చేస్తారు.

ఈ చూసేవన్నీ ఎక్కడ్నించి వచ్చినాయంటే, బ్రిటన్‌లో 1965లో బ్రాంబెల్ కమిటీ రిపోర్ట్ అని వచ్చింది, అది జూల గురించి కాదు, కోళ్ళు పందులు ఆవులు పెంచే ఫారాల గురించి, కనీసం లేచి తిరిగి పడుకొని ఒళ్ళు నాక్కొని కాళ్ళు చాపుకునేంత జాగా అయినా ఇవ్వండయ్యా అని. దాంట్లోంచే ఆకలి, అసౌకర్యం, నొప్పి, భయం లేకుండా, సహజంగా బతికే వీలుతో అనే ఐదు స్వేచ్ఛలు వచ్చినాయి. తర్వాత 1994లో న్యూజిలాండ్‌లో డేవిడ్ మెల్లర్, రీడ్ అనే వాళ్ళు తిండి, పరిసరం, ఆరోగ్యం, ప్రవర్తన అని నాలుగు పెట్టి, ఆ నాలుగూ కలిసి ఐదోదానికి అంటే మనసుకి ఏం చేస్తున్నాయో చూడండి అన్నారు. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే కష్టం లేకపోవడం వేరే, సుఖంగా ఉండడం వేరే. ఎలుగుకి గిన్నెలో అన్నం పెట్టినా కడుపు నిండుతుంది, అదే తేనె ఒక మొద్దు బొక్కల్లో పూసి పెడితే అది గంటసేపు గోళ్ళతో తవ్వి, మూతి ముందుకి సాచి పీల్చుకుంటా ఉంటుంది (ఎలుగు చెదలు పీల్చే చప్పుడు ఒకసారి వింటే మర్చిపోరు, పాత వ్యాక్యూం క్లీనర్ మాదిరే). దీన్నే ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. ఎండాకాలంలో పేపర్లో వేస్తారే, కూలర్ల ముందు పులి, ఐస్‌లో పెట్టిన పండ్లతో ఎలుగు, ఆ ఐస్ ఫోటో చల్లదనానికి మాత్రమే కాదు, దానికి పని కూడా.

ఇప్పుడు మన తిరుపతి సంగతి, ఇది తెలియకుండా ఇక్కడ ఎవర్నీ తిట్టొద్దు. 1998లో కేంద్రం ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల చేత ఆటలాడించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, సర్కస్ వాళ్ళు కోర్టుకి పోయినారు, 2001లో సుప్రీంకోర్టు నిషేధమే సరి అంది. మరి ఆ సర్కస్ సింహాల్ని ఏం చేయాలి? వాటికోసం దేశంలో కొన్ని రెస్క్యూ సెంటర్లు కట్టినారు, అందులో ఒకటి తిరుపతి, ఇంకోటి విశాఖపట్నం. ఆ సింహాలు చాలావరకు ఆఫ్రికా, ఆసియా రక్తం కలిసిన సంకరాలు, ఆసియా సింహాలుండే గుజరాత్ గిర్ అడవిలో వదిలితే అక్కడి జాతే కలుషితం, అందుకే వాటిని ఈనకుండా చూస్తారు, వదలడానికి వేట రాదు, మనిషంటే భయం లేదు. మా అక్క కొడుకు అడిగినాడు, "మరి పెళ్ళి కూడా చేయరా పిన్నమ్మా?" అని. చేయరు నాయనా. ఇది క్రూరమా అంటే నేను కాదంటాను, పుట్టబోయే పిల్లలకి చోటు లేనప్పుడు పుట్టించి బోనులో పెట్టడమే పెద్ద తప్పు. అయితే ఒకటి, చిన్నప్పుడు చిన్న బోనులో అంటుకున్న ఊగుడు పెద్ద ఎన్‌క్లోజర్‌కి వచ్చినా కొన్నిటికి పోదు, కాలిన మచ్చ మాదిరి ఉండిపోతుంది. మీరు చూస్తున్నది ఇవాళ్టి కష్టమా పాత మచ్చా అనేది కీపర్‌ని అడిగితేనే తెలుస్తుంది: ఎక్కడ్నించి వచ్చింది, వచ్చినప్పుడు ఎట్లుండె, ఇప్పుడు తగ్గిందా.

చిరుతల సంగతి నాకు ఇంకా తేలలేదు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపని చంపింది, తర్వాత బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టి జూకి తెచ్చినారు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి చిరుత హక్కు అని మాట్లాడే ధైర్యం నాకు లేదు. కానీ అడవిలో పుట్టి పెరిగినదాన్ని తెచ్చి జనం ముందు పెట్టడం, జూలోనే పుట్టినదాన్ని పెట్టడం ఒకటి కాదు, హెడిగర్ చెప్పిన దూరం దీనికి చాలా ఎక్కువ ఉంటుంది. అందుకే అట్లాంటివాటిని జనానికి చూపించకుండా వెనక పెట్టినారంటే గొణగొద్దు.

మనం చేయగూడనివి తొందరగా చెప్పేస్తా. తిండి పెట్టొద్దు, లడ్డు అసలొద్దు. "ప్రసాదం కదమ్మా, జింకకి పెడితే పుణ్యం" అన్న ఒక పెద్దాయన చేయి పట్టుకొని ఆపినా ఒకసారి, నన్ను నాస్తికురాలిని చూసినట్టు చూసినాడు. జింక నెమరేసే జంతువు, దాని పొట్టలో ఆకులు అలములు పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి, చక్కెర, శనగపిండి ఒక్కసారిగా పడితే ఆ పొట్టంతా ఆసిడ్ అయిపోతుంది, ప్రాణాలే పోవచ్చు. పది మంది పది లడ్డు ముక్కలు పెట్టినారనుకోండి, ఎవరికి వాళ్ళు ఒక్క ముక్కే కదా అనుకుంటారు. అద్దం కొట్టడం, రాయి వేయడం, ఈలలు కూడా వద్దు, వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 38జె కింద జూ జంతువుని ఏడిపించడం, తిండి పెట్టడం, గోల చేసి ఇబ్బంది పెట్టడం నేరమే. కంచె దాటడం గురించి వేరే చెప్పాలా, 2024 ఫిబ్రవరిలో ఇక్కడే ఒకాయన సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు.

నిజంగానే తప్పు కనిపిస్తే? గాయం, ఈగలు ముసిరిన పుండు, ఎండలో నీళ్ళు లేని తొట్టి, ఇట్లాంటివి. ముందు రెండు నిమిషాల వీడియో తీయండి, జూమ్ చేయకుండా మొదట ఎన్‌క్లోజర్ మొత్తం కనపడేట్టు, తర్వాత జంతువు. తారీఖు, టైం, ఎన్‌క్లోజర్ బోర్డు ఫోటో. దగ్గర్లో కీపర్ ఉంటే మర్యాదగా చెప్పండి, సగం సార్లు "డాక్టర్‌గారు పొద్దున మందు వేసి పోయినారమ్మా" అనే జవాబు వస్తుంది. లేకపోతే ఆఫీసులో క్యూరేటర్‌కి, అంటే జూ చూసుకునే పెద్దాఫీసరుకి, రాతపూర్వకంగా ఇవ్వండి, "మీ జూ నరకం" అని కాదు, "ఫలానా తారీఖు పొద్దున పది నుంచి పదీ ఇరవై దాకా చూసినాను, కుడి ముందరికాలు నేలకి ఆనించడం లేదు, ఇరవైలో పద్నాలుగు సార్లు పడుకొనే ఉంది" అని. ఇట్లా రాస్తే పక్కన పడేయడం కష్టం. జవాబు రాకపోతే ఢిల్లీలో సెంట్రల్ జూ అథారిటీ ఉంది, 1992లో పెట్టినారు, దేశంలో ఏ జూ నడవాలన్నా వాళ్ళ గుర్తింపు ఉండాల్సిందే, వాళ్ళకి మెయిల్ పెట్టొచ్చు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఏ జూలో ఏ జంతువులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని పుట్టినాయి, ఎన్ని పోయినాయి అనే లెక్కలు కూడా ఏడాదివారీగా దొరుకుతాయి, ఒక ఏడాదిలో చుక్కల జింకలు ఎన్ని పోయినాయో చూస్తే వంద వీడియోలకంటే ఎక్కువ తెలుస్తుంది. రీల్ మాత్రం ఆఖర్న, అన్నీ అయినాక.

వీలైతే అదే జంతువుని మళ్ళీ ఇంకో నెలలో, ఇంకో టైంలో చూడండి, లోకల్ వాళ్ళకి ఆ సౌకర్యం ఉంది కదా. మొన్న దసరా సెలవుల్లో అక్క కొడుక్కి పుస్తకం ఇచ్చి సింహం ముందు కూర్చోబెట్టినా. వాడి పేజీ ఇట్లుంది: 10:05 నిద్ర. 10:06 నిద్ర. 10:07 నిద్ర. 10:08 నిద్రే పిన్నమ్మా. 10:09 నుంచి 10:16 దాకా ఒకే పెద్ద బ్రాకెట్ గీసి నిద్ర. 10:17 చెవి. 10:18 లేచింది, నన్ను చూసింది, ఒళ్ళు విరుచుకుంది, బండ వెనక్కి పోయింది. 10:19 కనపడలేదు. కింద వాడే ఇంకో లైన్ రాసినాడు: వెనకాల ఎవరో ఈల వేసినారు, 10:17కి.